ప్రోమోను నమ్మి ఖాయం చేసిన సంబంధం

మా అత్తమ్మ ముగ్గురి బతుకులను ఒక దయ్యాల సీరియల్ చివరి ఎపిసోడ్‌కు ముడివేసి కూచుంది. ఒకటి మా ఇంటి అల్లుడిది, రెండోది అతని నాలుగేళ్ళ బిడ్డది, మూడోది అప్పటికి మేమెవరమూ కంటితో చూడని ఒక ఆడమనిషిది. ఈ మాట ఇప్పుడు ఎవరికైనా చెబితే నవ్వుతారు. మొదటి రోజు నేనూ నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

అప్పుడు మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళం. మెయిన్ రోడ్డు నుంచి మూడు గల్లీలు లోపలికి, మేడ మీద రెండు గదుల కిరాయి పోర్షన్. నేను, మా ఆయన, అత్తమ్మ. మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. మా ఆయనది సర్కారు ఆఫీసులో ఉద్యోగం. తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెకు దిగిన రోజులు కనుక పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసులోకి కాక ఆఫీసు ముందరి టెంటులోకి పోయేవాడు. నేను పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూలు మూతపడింది. బస్సులు లేవు. కోచింగ్ కోసం వచ్చిన హాస్టల్ పిల్లలు ఊళ్ళకు వెళ్ళిపోయి గల్లీలు బోసిగా ఉండేవి. అత్తమ్మకు మాత్రం ఏ బందూ లేదు. పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం ఒక కునుకు, ఆదివారం సాయంత్రం సీరియల్.

మా ఆయన తర్వాత ఆమెకు ఒక్కతే బిడ్డ. అంటే నా ఆడబిడ్డ. అంతకు ఏడాది కింద కామెర్లతో చనిపోయింది. జ్వరమే కదా అనుకున్నాం, కళ్ళు పచ్చబడ్డాక దవాఖానకు తీసుకుపోయాం, అయిదో రోజుకు మనిషి లేదు. ఇరవై ఆరేళ్ళు. బడంగ్‌పేట్‌లో అత్తగారిల్లు, ట్రాలీ ఆటో నడుపుకునే భర్త, మాటలు అప్పుడే ముద్దుగా వస్తున్న పాప. దినాలు అయిపోయిన తెల్లారి నుంచి అత్తమ్మ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, రెండు పూటలా వంట తనే చేసింది. బిడ్డ పేరు తను ఎత్తలేదు, మమ్మల్ని ఎత్తనివ్వలేదు. మా ఆయన ఒకసారి చెల్లెలి ఫొటో పెద్దది చేయించి తెస్తే, దండ వేయకుండా బీరువాలో బట్టల కింద పెట్టింది.

ఆ తర్వాత రెండు నెలలకో మూడు నెలలకో ఆ సీరియల్ మొదలైంది. కథ కొత్తదేమీ కాదు. ఒక పెద్దింటి కోడలు బావిలో పడి చనిపోతుంది. ఎవరు తోశారన్నది నలభై వారాలు సాగదీశారు. చనిపోయింది కానీ ఇల్లు వదిలి పోదు, చిన్న కూతురుంది కదా, దానికోసం. మాట్లాడలేదు కనుక గుర్తులు చూపిస్తుంది. దీపం రెపరెపలాడుతుంది, ఎవరూ ముట్టని గిన్నె జరుగుతుంది, ఊయల దానంతట అది ఊగుతుంది. పాపకు ఒక్కదానికే అమ్మ కనబడుతుంది. వెనక ఢమఢమమని మ్యూజిక్, ఒక్కొక్కరి మొహం మూడేసి సార్లు చూపించడం, అన్నీ ఉన్నాయి. అయినా నాకు ఆ సీరియల్ అంటే ప్రాణం. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. స్కూల్లో పిల్లలకు భిన్నాలు చెప్పి చెప్పి అలిసిన మనిషికి వారానికి ఒక దయ్యం అవసరమే.

మా ఆయన విసుక్కునేవాడు. బయట ఉద్యమం నడుస్తుంటే ఇంట్లో దయ్యాలేమిటని ఆయన బాధ. అంటూనే మంచినీళ్ళ కోసం వచ్చినట్టు వచ్చి, తలుపుకు ఆనుకుని నిలబడి ఆ ఒక్క గ్లాసు నీళ్ళనూ అరగంటసేపు తాగేవాడు.

అత్తమ్మ చూసే తీరు వేరు. నేను తిడుతూ, నవ్వుతూ, ముందేం జరుగుతుందో చెబుతూ చూస్తాను. ఆమె పాఠం వింటున్నట్టు చూసేది. గిన్నె ఏ దిక్కుకు జరిగింది, దీపం ఊగినప్పుడు కిటికీ తీసి ఉందా మూసి ఉందా అని అడిగేది. వయసు మీద పడుతోంది, చూపు ఆనడం లేదేమో అనుకున్నాను. ఆ నెలల్లోనే ఇంట్లో కొన్ని కొత్త అలవాట్లు పట్టుకుంది. మునిమాపు వేళ దీపం పెట్టి ఫ్యాను బంద్ చేసి దాని ముందు కూచునేది. ఎండాకాలంలో కూడా అంతే, ఇల్లంతా ఉడికిపోతున్నా సరే, ఫ్యాను వేయనిచ్చేది కాదు. తెల్లారి లేస్తూనే రాత్రి గిన్నెలు నువ్వే బోర్లించావా, ఈ చెంబు ఇక్కడ పెట్టింది నువ్వేనా అని అడిగేది. నేను కాక ఇంకెవరు పెడతారు? ఇల్లు సర్దడం చేతకాదని నన్ను ఎత్తిపొడుస్తోందనుకుని ఒకసారి రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను.

బిడ్డ సంవత్సరీకం అయిన పది పదిహేను రోజులకు అల్లుడు వచ్చాడు. నేను అతన్ని అన్నా అంటాను, అతను నన్ను చెల్లె అంటాడు. నెమ్మదైన మనిషి. కుర్చీ వేస్తే కూచోకుండా గోడకు ఆనుకుని నేల మీద కూచున్నాడు. చాయ్ చల్లారిపోయినా తాగలేదు. వాళ్ళ అమ్మకు చూపు తగ్గిపోయిందని, ఆమె కునుకు తీసినప్పుడు పాప తలుపు తీసుకుని రోడ్డు దాకా వెళ్ళిపోయిందని, ఎవరో ఎత్తుకొచ్చి దించారని చెప్పాడు. వాళ్ళ అమ్మ తరఫు ఊరిలో ఒక సంబంధం ఉందట. తండ్రి లేని పిల్ల, బట్టలు కుడుతుంది. ఇదంతా నాకు చెబుతున్నట్టు చెప్పి, చివర అత్తమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు వద్దంటె వద్దమ్మా. నువ్వు ఊ అంటెనే ముంగటికి పోత."

ఆ మాట అనకుండా వెళ్ళి చేసుకున్నా అడిగేవాళ్ళు లేరు. మగవాడు, ఏడాది ఆగాడు, అందరూ సరే అనేవారు. అతను అడగడానికి వచ్చాడు. అందువల్ల అత్తమ్మకు కోపం తెచ్చుకునే వీలు కూడా లేకపోయింది. చాలాసేపు కొంగు అంచు మడుస్తూ విప్పుతూ కూచుని, చివరికి అంది.

"గా సీరియల్ అయిపోనియ్యి బిడ్డా. అండ్ల ఏమైతదో సూసి చెప్త."

అతను నా వైపు చూశాడు. నేను మా ఆయన వైపు చూశాను. మా ఆయన చాయ్ గ్లాసులోకి చూశాడు.

విషయమేమిటంటే, సరిగ్గా అప్పుడే సీరియల్లో కూడా ఆ భర్తకు రెండో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. కొత్త పెళ్ళికూతురిని చనిపోయినామె రానిస్తుందా, తరిమేస్తుందా అన్నదే కథ. అల్లుడు వెళ్ళిపోయాక నేను నవ్వాను, మా ఆయన తల్లి దగ్గర కూచుని బుద్ధి చెప్పబోయాడు. టీవీ కథకూ మన ఇంటికీ సంబంధం ఏమిటి, అది ఎవరో డబ్బుల కోసం రాసేది అన్నాడు. ఆమె విని, లేచి, పప్పు కడగడానికి పోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు కదిపినా అదే జవాబు, అయిపోనీ. అక్కడ పిల్ల తరఫువాళ్ళు ఎన్నాళ్ళని ఆగుతారు? వేరే సంబంధం కూడా చూస్తున్నారని అల్లుడి ద్వారా తెలిసింది. మా పాప తలుపు తీసుకుని మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళిందని కూడా తెలిసింది. నాకు రాత్రిళ్ళు అదే కళ్ళముందు ఆడేది.

ఇంతలో టీవీ వాళ్ళు మొదటి సీజన్ ముగింపు, రెండు గంటల మహా ఎపిసోడ్, ఆదివారం సాయంత్రం అయిదింటికి అని ఊదరగొట్టడం మొదలుపెట్టారు. మామిడికాయలకు సీజన్ ఉంటుంది కానీ కథకేం సీజన్ అంది అత్తమ్మ. అయిపోతుందని అర్థం అని చెప్పాను. నాకు తెలిసింది అంతే.

ప్రోమో కూడా వేశారు. పెళ్ళి పందిరి, తలంచుకున్న పెళ్ళికూతురు, వెనక నుంచి ఎర్రంచు తెల్లచీరలో చనిపోయినామె నడిచివస్తుంది, చిరునవ్వు నవ్వుతూ రెండు చేతులా అక్షింతలు వేస్తుంది. నేను ఆ ప్రోమోను తక్కువలో తక్కువ పదిసార్లు చూశాను. ఇక అనుమానమేముంది? ఒప్పేసుకుంది. నా నోట్లో నువ్వుగింజ నానదు. గురువారం అత్తమ్మ మధ్యాహ్నం పడుకున్నప్పుడు మేడ మెట్ల మీదికి పోయి బడంగ్‌పేట్‌కు ఫోన్ చేశాను. ఆదివారం సీరియల్లో ఆమె ఒప్పుకుంటుంది, ఇక్కడ ఈమె ఒప్పుకుంటుంది, నువ్వు ధైర్యంగా వాళ్ళకు మాట ఇచ్చెయ్యన్నా అని చెప్పాను. అతను ట్రాలీ రోడ్డు పక్కకు ఆపి మరీ విన్నాడు. నిజమేనా చెల్లె అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ నిజమే అన్నాను. ఆ సాయంత్రమే మాట ఇచ్చేశాడు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ సామెత చిన్నప్పటి నుంచీ వింటున్నదాన్నే, అయినా ప్రోమోను చూసి పెళ్ళి సంబంధం ఖాయం చేశాను.

శనివారం నాడు అసలు చిక్కు వచ్చింది. బొగ్గు గనుల్లో కూడా సమ్మె కనుక కరెంటు కోతలు పెరిగాయి. మా లైనుకు ఆదివారం సాయంత్రం వంతు పడింది. అత్తమ్మ ఏమీ అనలేదు కానీ అన్నం సరిగ్గా తినలేదు. అప్పుడు ఎల్‌బీ నగర్ అక్క గుర్తొచ్చింది. వాళ్ళది గుంటూరు వైపు. మా కింది పోర్షన్‌లో నాలుగేళ్ళు ఉండి, ఎల్‌బీ నగర్‌లో ఫ్లాట్ కొనుక్కుని వెళ్ళారు. ఇన్వర్టర్ ఉంది. ఈ సీరియల్ అలవాటు నాకు అంటించింది కూడా ఆమే. అయితే సమ్మె మొదలైనప్పటి నుంచి మేం ఫోన్ చేసుకోలేదు. గొడవేమీ పడలేదు. ఏ మాట మాట్లాడితే ఎక్కడికి పోతుందోనని ఇద్దరమూ ఊరుకున్నాం, అంతే. ఇప్పుడు చేస్తే ఏమనుకుంటుందో అనుకుంటూనే చేశాను. నేను కరెంటు సంగతి పూర్తిగా చెప్పకముందే, "అయిదింటికే కదమ్మా, నాలుగున్నరకల్లా వచ్చెయ్యండి, పిన్నిగారికి నచ్చే పకోడీ వేస్తా" అంది.

బస్సుల్లేవు, ఆటోలు రావడం లేదు. మూడింటికి బయలుదేరి నడిచాం. అత్తమ్మ నెత్తి మీద తడి తువ్వాలు వేసుకుని, చేతిలో స్టీలు చెంబు పట్టుకుని, ఊరి పొలం గట్టు మీద నడిచినట్టు చకచకా నడుస్తోంది. నేనే వెనకబడ్డాను. చైతన్యపురి దాటి కొత్తపేట దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మొత్తం మూసేశారు. విజయవాడ హైవే నడిమధ్యలో ఇటుకలు పేర్చి పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం వండుతున్నారు. వంటావార్పు. రోడ్డు మీద వండి రోడ్డు మీదే తిని సర్కారుకు నిరసన చెప్పడం అప్పుడు రివాజు. ఎవరో వచ్చి అవ్వా కూసో అని అత్తమ్మ చెయ్యి పట్టుకుని బంతిలో కూచోబెట్టారు. ఆమె కూచుంది. విస్తరాకు వేస్తే నీళ్ళు చల్లుకుంది కూడా. నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను.

పప్పు బకెట్ పట్టుకుని వడ్డిస్తూ వస్తున్న మనిషి మా ఆయన. ఆ రోజు వాళ్ళ ఆఫీసువాళ్ళకు అక్కడ డ్యూటీ పడిందట. మమ్మల్ని చూసి, ఇంత దూరం ఎందుకు వచ్చారని అడిగాడు. నేనేదో ఒక అబద్ధం వెతుక్కునేలోగా అత్తమ్మ తలెత్తి ఎల్‌బీ నగర్‌లో సీరియల్ చూడటానికని గట్టిగా చెప్పింది. పక్కన అన్నం బుట్ట పట్టుకున్న వాళ్ళ ఆఫీసరు పగలబడి నవ్వాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తల్లి ఆకులో ఇంకో గరిటె పప్పు పోసి, ఏడింటికి బండి తీసుకుని వస్తానని గొణిగి ముందుకు పోయాడు.

నాలుగున్నర దాటాక ఎల్‌బీ నగర్ చేరాం. అక్క తలుపు తీసి అత్తమ్మ కాళ్ళ వైపు చూసి, నడిచే వచ్చారా పిన్నిగారూ అని నొచ్చుకుంది. లోపల అన్నయ్యగారు, అంటే ఆమె భర్త, వార్తలు చూస్తున్నారు. తెరమీద మేం ఇప్పుడే దాటి వచ్చిన రోడ్డే కనబడుతోంది, పొయ్యిలు, జెండాలు, మనుషులు. ఆయన మమ్మల్ని చూశారు, టీవీని చూశారు. తర్వాత ఆయనే, రోడ్డు మీద ఎలా ఉందండీ అని అడిగారు.

"పప్పుల ఉప్పు తక్కువైంది" అంది అత్తమ్మ.

ఆయనకు నవ్వు ఆగలేదు. రిమోట్ తెచ్చి అత్తమ్మ చేతిలోనే పెట్టి, తనూ ఒక కుర్చీ లాక్కుని కూచున్నారు. వంటింట్లోంచి పకోడీ వాసన వస్తోంది.

రెండు గంటల్లో మొదటి గంటన్నర ఏమీ జరగలేదు. పందిరి వేశారు, ప్రకటనలు వేశారు, మళ్ళీ పందిరి చూపించారు. అత్తమ్మ పకోడీ ముట్టలేదు. చివరికి పెళ్ళికూతురు పీటల మీద కూచుంది. వెనక నుంచి తెల్లచీర వచ్చింది. చిరునవ్వు, రెండు చేతులు, అక్షింతలు. నేను గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. అంతలో పెళ్ళికూతురు చెమటలు కక్కుతూ మంచం మీద లేచి కూచుంది. అదంతా ఆమెకు వచ్చిన కల. ప్రోమోలో వేసింది ఆ కలను.

నా చేతిలో పకోడీ చేతిలోనే ఉండిపోయింది. తర్వాతిదంతా పది నిమిషాల్లో అయిపోయింది. అసలు పెళ్ళి మొదలైంది, తాళి కట్టే సమయానికి దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి, మళ్ళీ వెలిగేసరికి పెళ్ళికూతురు మెల్లగా తలెత్తింది. మొహం ఆమెదే. చూపు మాత్రం చనిపోయినామెది. పాప పరుగెత్తుకొచ్చి అమ్మా అంది. అక్కడ ఆపేశారు. రెండో సీజన్ త్వరలో అని అక్షరాలు పడ్డాయి.

అక్క లేచి నిలబడింది. ఇదేం ముగింపండీ, రెండు గంటలు కూచోబెట్టి ఇదా చూపించేది, ఆవిడ వచ్చినట్టా రానట్టా, ఒప్పుకున్నట్టా పగబట్టినట్టా అని టీవీని నిలదీసింది. నేను ఆమె కంటే రెండాకులు ఎక్కువే చదివాను. రాసినవాడి చేతులు పడిపోవాలని, తీసినవాడి ఇల్లు కూలిపోవాలని తిట్టాను. అన్నయ్యగారు మా ఇద్దరినీ చూసి నవ్వుతున్నారు. నా కోపం సీరియల్ మీద కాదు. బడంగ్‌పేట్‌లో ఒక మనిషి నా మాట పట్టుకుని మాట ఇచ్చి కూచున్నాడు. అత్తమ్మ ఇప్పుడు రెండో సీజన్ దాకా ఆగమంటే నేను అతనికి మొహం ఎలా చూపించాలి?

అత్తమ్మ ఇంకా టీవీ వైపే చూస్తోంది. ఏదో సబ్బు ప్రకటన వస్తోంది. అయిపోయిందా అని అడిగింది. ఇప్పటికి అయిపోయింది, మళ్ళీ వస్తుందట అన్నాను. ఎప్పుడు అంది. తెలియదు, ఆరునెలలకో ఏడాదికో అన్నాను. తల ఊపింది. ఎవరికి చెబుతోందో తెలియకుండా, రోజూ కూర సంగతి మాట్లాడే గొంతుతోనే మొదలుపెట్టింది.

"ఏడాది సంది సూస్తున్న. ఫ్యాను బంద్ జేసి దీపం ముంగట కూసున్న. ఒక్కనాడన్న ఊగలే. గిన్నెలు పెట్టిన కాడ్నే ఉన్నయి. కలల గుడ రాలే. నాకు రాకుంటె పాయె, దాని బిడ్డకన్న కనవడ్డదేమో అని పాపను అడిగిన. లేదమ్మమ్మా అన్నది."

అక్క కుర్చీలో కూచుండిపోయింది. నాకు అప్పుడు ఒక్కొక్కటే తెలిసివచ్చింది. చెంబు ఎవరు పెట్టారని అడిగింది నన్ను ఎత్తిపొడవడానికి కాదు. నేను కాదు అంటానేమోనని ఆశపడి అడిగింది. ప్రతిసారీ నేనే అన్నాను, విసుక్కుంటూ అన్నాను. ఒక్కసారైనా నేను కాదత్తమ్మా అని ఉంటే ఆమె ఆ రోజంతా ఎలా ఉండేదో. అలా అనకపోవడమే మంచిదైందో, చెడ్డదైందో నాకు ఇప్పటికీ తెలియదు.

"అది ఉంటె దాన్నే అడుగుదమనుకున్న, నీ మొగనికి ఇంకోతె ఒస్తె ఒప్పుకుంటవా బిడ్డా అని. గా టీవీల ఆమె ఉన్నది. మనింట్ల మన పిల్ల లేదు. లేనిదాన్ని ఏమడుగుత? అల్లునికి ఫోన్ కలుపు."

కలిపాను. రెండుసార్లు తప్పు నంబర్ నొక్కాను. ఆమెకు ఫోన్ చెవికి ఆనించి మాట్లాడటం రాదు, మొహానికి ఎదురుగా పట్టుకుని మాట్లాడుతుంది, అందుకని స్పీకర్ పెట్టాను.

"చేసుకో బిడ్డా" అంది. "పాపకు పొద్దుగాల జడేసే మనిషి గావాలె."

అతను, పాపం, కృతజ్ఞతతోనే అన్నాడు. చెల్లె గురువారమే చెప్పింది కదమ్మా, నువ్వు ఒప్పుకున్నావని, అప్పుడే వాళ్ళకు మాట ఇచ్చేశానన్నాడు.

భూమి చీలితే అందులోకి పోదునన్నట్టు అయింది నా పని. అన్నయ్యగారు పకోడీ పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. అత్తమ్మ మంచిగైంది బిడ్డా అని అతనితో అని, ఫోన్ నా చేతికి ఇచ్చింది. నా మొహం చూసింది. ప్రోమో చూసి చెప్పావా అని అడిగింది. అవునన్నట్టు తల ఊపాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననే అనుకున్నాను.

"నేను గుడ అదే సూసి నడిసొచ్చిన" అంది.

ఏడు దాటాక మా ఆయన వచ్చాడు. ముగ్గురం ఒకే బండి మీద ఇంటికి వచ్చాం. దారిలో ఆయన, ఏమైంది అని సీరియల్ గురించి అడిగాడో, చెల్లెలి మొగుడి గురించి అడిగాడో తెలియదు, ఒప్పుకుంది అని మాత్రం చెప్పాను.

సమ్మె ఆగి బస్సులు తిరగడం మొదలయ్యాక, ఒక గుడిలో పది మంది మధ్య ఆ పెళ్ళి అయిపోయింది. మేమిద్దరం వెళ్ళాం. తను వస్తే ఆ పిల్ల బెదురుతుందని అత్తమ్మ రాలేదు. కానీ మాలో ఒక పద్ధతి ఉంది. బిడ్డ చనిపోయి అల్లుడు మళ్ళీ చేసుకుంటే, వచ్చినామె కూడా ఈ ఇంటి బిడ్డ కిందే లెక్క. పిలిచి, చీర పెట్టి, ఒడిబియ్యం పోయాలి. చాలామంది ఆ పద్ధతిని మరిచిపోయినట్టు నటిస్తారు. అత్తమ్మ మరిచిపోలేదు. తనే ఫోన్ చేయించి ఆదివారం రమ్మంది, తనే బియ్యానికి పసుపు కలిపింది, కొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ అన్నీ సర్దింది.

పాపను ఒళ్ళో పెట్టుకుని ట్రాలీలో ముందర కూచుని వచ్చింది ఆ పిల్ల. బక్కపలచటి మనిషి. వేళ్ళ చివర సూది గుచ్చుకున్న గుర్తులు. కూచోమనేదాకా గడప దగ్గరే నిలబడింది. పాప తల నున్నగా దువ్వి, రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి ఉంది. అత్తమ్మ చూపు ముందు ఆ జడల మీదికే పోయింది. తను ముత్తైదువ కాదు కనుక ఒడిబియ్యం నన్ను పోయమని, పక్కన కూచుని ఎన్ని దోసిళ్ళో, ఎప్పుడు కొబ్బరి కుడక పెట్టాలో చెప్పింది. అంతా అయ్యాక ఆ పిల్ల వంగి అత్తమ్మ కాళ్ళు మొక్కబోయింది. మెడలోని పుస్తెలతాడు జారి బయటికి వేలాడింది. పుస్తెల పక్కన చిన్న బంగారు బిళ్ళ ఒకటి ఉంది.

అది సవతి పుస్తె. రెండో పెళ్ళామై వచ్చినామెకు మొదటామె పేరు మీద కట్టే బిళ్ళ. పోయినామె వచ్చి పీడించకుండా ఉండాలని కడతారు. నాకు ఒళ్ళు మండింది. కట్టించినవాళ్ళకు బుద్ధి లేకపోతే, ఈ ఇంటికి వచ్చేటప్పుడన్నా లోపల దాచుకోవద్దా అనుకున్నాను. అత్తమ్మ దాన్ని చూడనే చూసింది.

"నా బిడ్డ బతికుండంగ గుడ ఎవ్వల జోలికి పోలే" అంది. "గిది భయానికి కట్టిన్రా నీకు?"

ఆ పిల్ల వంగినది వంగినట్టే ఆగిపోయింది.

"కట్టిన్నాడు భయానికే కట్టిన్రమ్మా" అంది మెల్లగా. "ఇప్పుడు తీద్దమంటె పాప ఊకుంటలేదు. రోజు గిది పిడికిట్ల పట్టుకోనే పండుకుంటది. గిదే మా అమ్మ అంటది."

అత్తమ్మ చెయ్యి చాచి ఆ బిళ్ళను రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. తిప్పి చూడలేదు, ఏమీ అడగలేదు, ఊరికే పట్టుకుని కూచుంది. ఒడి నిండా బియ్యంతో, నడుము నొప్పి పెడుతున్నా, ఆమె చెయ్యి విడిచేదాకా ఆ పిల్ల అలాగే వంగి ఉంది.